టీబీ మాత్ర మీద ఎవరి పెత్తనం?

"టీబీ మాత్రలు గవర్నమెంటు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు కదన్నా, ఈ పేటెంటు గొడవ మనకెందుకు?" అని చెరకు కొట్టే కూలీ ఒకతను చిత్తూరు దగ్గర మీటింగులో నన్నడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. రోగి జేబులోంచి పైసా పోదు. కానీ ఆ మాత్రను ప్రభుత్వం కొనాల కదా. ధర ఒక్క కంపెనీ చేతిలో ఉంటే కొనేది తగ్గుతుంది. మాత్ర అందనివాళ్లకు పాత సూదులే గతి.

మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో తెరిచినారు. అప్పుడు క్షయకు మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అదే వైద్యం. నెలల తరబడి మంచం మీద పడుకుంటే కూలోని ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఆ పదార్థాన్ని 1912లోనే ప్రేగ్‌లో ఇద్దరు రసాయనికులు తయారుచేసి ఉండినారు. అందుచేత దాని మీద ఏ కంపెనీకీ పేటెంటు దక్కలేదు, చౌకగా దొరికింది. ఇంటికాడ ఉండే మాత్రలతో జబ్బు నయం చేసుకోవచ్చని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన తేల్చింది.

1970 చట్టం మందు మీద పేటెంటు తీసేసి, తయారీ పద్ధతి మీద మాత్రం, అదీ ఏడేళ్లకు మించకుండా ఉంచింది. హైదరాబాదు మందుల పరిశ్రమ ఆ నీడలోనే పెరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంతో 2005 నుంచి మందు మీదే 20 ఏళ్ల పేటెంటు తిరిగొచ్చింది. అయితే పాత మందును కాస్త మార్చి, గుణం పెరగకుండానే కొత్త పేటెంటు అడిగితే ఇవ్వరాదనే 3(డి) సెక్షన్ అప్పుడే చట్టంలో చేరింది. వామపక్షాల ఒత్తిడి అందులో ఉంది.

అది పనికొచ్చింది. మామూలు మందులకు లొంగని మొండి టీబీకి బెడాక్విలిన్ మాత్ర ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు 2023 జూలైలో ముగియాల్సింది. మాత్రలోని లవణ రూపం పేరుతో దాన్ని 2027 దాకా సాగదీయాలని చూసింది. ముంబయి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా ఫుమేజా టిసిలే దీన్ని ఎదిరించినారు. ఇద్దరూ టీబీ మందుల వల్లనే వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. 2023 మార్చి 23న పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. ఆ ఆగస్టుకు, పేద దేశాలకు అందించే ఆర్నెల్ల మందు ధర సగానికి పైగా తగ్గి 130 డాలర్లకు దిగింది.

ఇంక మన పని. బెంగుళూరుకు కట్టడం పనికి పోయే కూలీలు మాత్రలు సగంలో మానేస్తావుండారు. మొండి టీబీ పుట్టేది అట్లనే. రెండు వారాలు దగ్గు వదలకపోతే తెమడ పరీక్ష చేయించండి, అది ఊరికే చేస్తారు. తిండికి నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి వెయ్యి అయినాయి. ఆ డబ్బు ఖాతాలో పడిందో లేదో మన సంఘం కార్యకర్తలే పాసుబుక్కు తెరిపించి చూడాల.