మాట రాని బిడ్డకు జవాబు

ఏటా ఏప్రిల్ 15న తూర్పు తీరమంతా మర పడవల వేట ఆగుతుంది. జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక ప్రభుత్వం విధించిన విరామం ఇది. కావలి దగ్గరి తుమ్మలపెంట మొదలుకొని జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరం పొడవునా పడవలు ఒడ్డుకు చేరతాయి. ఈ రెండు నెలలకు ప్రభుత్వమిచ్చే భృతి 2025 నుంచి కుటుంబానికి 20 వేల రూపాయలు. అది ఏ మూలకు సరిపోతుందో తీరంలో పెరిగిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే లేచి వెళ్ళే మనిషి పగలంతా ఇంట్లోనే ఉంటాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుని సంతకు పోదు. బాకీల వాళ్ళు గుమ్మం ముందు నిలబడతారు. రాత్రిపూట గొంతులు లేస్తాయి.

ఈ మార్పులన్నీ చూస్తూ, ఇదేమిటని ఒక్క ముక్క అడగలేని పిల్లలు కొన్ని ఇళ్ళలో ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 30 శాతం మందికి బడి వయసు వచ్చేనాటికి కూడా మాటలు రావు, వచ్చినా నాలుగైదే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరికి మనం చెప్పేదంతా అర్థమవుతుంది, కానీ నాలుకా పెదవులూ మాట వినవు. అలాంటి పిల్లవాడి ముందు పెద్దవాళ్ళు అప్పుల సంగతి నిర్భయంగా మాట్లాడుకుంటారు. వాడికేం తెలుస్తుందిలే అన్న ధీమా.

ఆ ధీమాకు ఆధారం లేదు. 1970లలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక చిన్న ప్రయోగం చేశాడు. కొద్ది నెలల పసిబిడ్డతో తల్లిని కాసేపు ఆడుకోమన్నాడు. తర్వాత రెండు మూడు నిమిషాల పాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ కూర్చోమన్నాడు. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కూతలు పెడుతుంది. తల్లి పలకకపోతే చూపు తిప్పుకుని ముడుచుకుపోతుంది, చాలామంది ఏడుస్తారు. ఇంకా ఒక్క మాటా రాని వయసు అది. అమ్మ ముఖం మూగబోతే గుర్తించడానికి భాష అక్కర్లేదు. దిగులుతో, నిద్రలేమితో తల్లి ముఖం వారాల తరబడి అలాగే ఉండిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పిల్లవాడు ఆ ఒత్తిడిని ఒంటితోనే చెబుతాడు. నిద్ర చెడుతుంది, తిండి మానేస్తాడు, పక్క తడపడం మానేసినవాడు మళ్ళీ మొదలుపెడతాడు, చేయి కొరుక్కుంటాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి మార్పు ఉన్నట్టుండి వస్తే దాన్ని మనసు బాధ అనుకునే ముందు ఒంటి నొప్పి లేదని తేల్చుకోవాలి. చెవిలో చీము, పుచ్చిన పన్ను, మలబద్ధకం, మూర్ఛ, ఇవన్నీ మంకుతనంలాగే కనబడతాయి. మాట్లాడలేని పిల్లల నొప్పిని బయటి గుర్తులతో అంచనా వేసేందుకు కెనడా పరిశోధకులు 30 అంశాల పట్టిక ఒకటి తయారుచేశారు. మూలుగు, ముఖం చిట్లింపు, ఒళ్ళు బిగదీయడం, తిండి, నిద్ర అన్నీ అందులో ఉంటాయి. రంగులు, ఇసుక, డప్పులతో చేసే సృజనాత్మక థెరపీల గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు ఈ మెట్టు దాటేస్తుంటారు. పంటి నొప్పికి రంగు పెన్సిళ్ళు మందు కావు.

నొప్పి కాదని తేలాక అసలు విషయంలోకి రావచ్చు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు 1928లో లండన్‌లో పిల్లల మనోవ్యథలకు ఒక క్లినిక్ తెరిచింది. మాటలతో చెప్పమంటే చెప్పలేని పిల్లలకు ఏ దారి చూపాలని వెతుకుతుంటే, హెచ్.జి. వెల్స్ తన కొడుకులతో నేల మీద ఆడిన ఆటల గురించి రాసిన పుస్తకం ఆమెకు గుర్తొచ్చింది. ఇసుక నింపిన పళ్ళెం, నీళ్ళు, చిన్న చిన్న మనుషులు, పశువులు, ఇళ్ళు, కంచెలు, పడవలు పిల్లల ముందు పెట్టింది. వాళ్ళు వాటితో ఊళ్ళు కట్టారు, కూల్చారు, పాతిపెట్టారు, మళ్ళీ తవ్వి తీశారు. ఆ పెట్టెకు 'లోకం' అని పేరు పెట్టింది పిల్లలే. తర్వాత స్విట్జర్లాండ్‌లో డోరా కాల్ఫ్ ఈ పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్ళింది. ఇప్పుడు చాలా దేశాల్లో ప్లే థెరపీ గదుల్లో ఇసుక పళ్ళెం ఉంటుంది.

మైపాడు బిడ్డకు ఇసుక కొనిపెట్టక్కర్లేదు. అయితే అందరికీ ఇసుక పడదన్నది కూడా నిజమే. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి తడి ఇసుక చేతికి అంటుకుంటే ప్రాణం పోయినంత పని. వాళ్ళకు జిగురు లేని మైదా ముద్దో, బియ్యం పోసిన పళ్ళెమో, బకెట్లో నీళ్ళో ఇవ్వాలి. దేని దగ్గర పిల్లవాడు తనంతట తాను ఆగుతాడో అదే సరైన వస్తువు.

పిల్లవాడు ఒక బొమ్మ పడవను ఇసుకలో పూడ్చాడనుకుందాం. దీనికి అర్థమేమిటి? పెద్దలం వెంటనే కథ అల్లేస్తాం: నాన్న పడవ మునుగుతుందని భయపడుతున్నాడు, పాపం. కావచ్చు. వస్తువుల్ని పూడ్చి తీయడం వాడికి సరదా కూడా కావచ్చు. నల్లరంగు వాడితే దిగులు, ఎర్రరంగు వాడితే కోపం, చేతుల్లేని మనిషిని గీస్తే నిస్సహాయత అని చెప్పే జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. పిల్లల బొమ్మల్లోంచి ఇలా ఒక్కొక్క గుర్తునూ పీకి మనసును చదవవచ్చనే వాదం పరీక్షలకు నిలబడలేదు. ఆ పెట్టెలో నల్ల పెన్సిల్ తప్ప మిగతావి విరిగిపోయి ఉండొచ్చు గదా.

మన కథను పిల్లల నోట పెట్టడం ఎంత దూరం పోగలదో చెప్పే ఉదంతం ఒకటుంది. ఆస్ట్రేలియాలో మొదలై 1990 ప్రాంతంలో అమెరికా అంతటా పాకిన ఒక పద్ధతిలో, మాట రాని పిల్లల చేతిని సహాయకులు పట్టుకుని కీబోర్డు మీద అక్షరాలు నొక్కించేవారు. ఉన్నట్టుండి పిల్లలు కవితలు రాశారు, మనసు విప్పారు. కొందరు కుటుంబ సభ్యుల మీద ఘోరమైన ఆరోపణలు కూడా చేశారు. ఆ తర్వాత పరీక్షలు పెట్టారు. ఒక పరీక్షలో పిల్లకు తాళంచెవి, సహాయకురాలికి కప్పు, ఒకరిది మరొకరికి తెలియకుండా చూపించారు. అచ్చయిన మాట కప్పు. సహాయకులు మోసగాళ్ళు కారు, ఆ చేతిని నడిపిస్తున్నది తామేనని వాళ్ళకు నిజంగానే తెలియదు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో ఈ పద్ధతిని వాడవద్దని మరోసారి స్పష్టంగా ప్రకటించింది.

మరి అర్థం తేల్చలేకపోతే ఈ ఇసుక, రంగులు, డప్పు దేనికి? వాటికి మనం జవాబు చెప్పగలం గనక. నా ఉద్దేశంలో ఈ థెరపీల బలమంతా ఇక్కడే ఉంది. పడవను పూడ్చిన పిల్లవాడి పక్కన కూర్చుని అమ్మ కూడా ఇంకో బొమ్మను పూడ్చి, వాడు తీసినప్పుడు తనూ తీస్తే, నువ్వు చేసింది నేను చూశాను అని చెప్పినట్టే. భావాన్ని వ్యక్తం చేయడమంటే అవతలి మనిషికి అది అందిందని తెలియడం కూడా. ట్రానిక్ ప్రయోగంలో బిడ్డకు కరువైంది ఆ అందడమే.

సంగీతంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1959లో ఇంగ్లండ్‌లోని ఒక ప్రత్యేక పాఠశాలలో అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, అక్కడి ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్ కలిసి పనిచేశారు. పిల్లవాడు డప్పు మీద ఒక దెబ్బ కొడితే నార్డాఫ్ పియానో మీద దాన్నే అందుకునేవాడు. పిల్లవాడు కేక పెడితే ఆ కేక శ్రుతిలోనే పాట కట్టేవాడు. నేర్పేదేమీ లేదు. పిల్లవాడి లయే ముందు, పెద్దవాళ్ళ లయ దాని వెనక. కాసేపటికి పిల్లవాడు ఆగి, జవాబు కోసం చూడటం మొదలుపెడతాడు. ఆ ఆగడమే సంభాషణకు తొలిరూపం. దీనికి పియానో అవసరం లేదు, ఉదయగిరి చెక్క గరిటె, బోర్లించిన తపేలా చాలు.

ఫలితాల సంగతికొస్తే, గొప్పలు చెప్పుకునే స్థితి లేదు. 9 దేశాల్లో 4 నుంచి 7 ఏళ్ళ వయసున్న 364 మంది ఆటిజం పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. ఇలాంటి సంగీత థెరపీ వల్ల ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2022లో వైద్య ఆధారాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 26 అధ్యయనాలను, వాటిలోని 1,165 మందిని కలిపి చూసింది. మొత్తం మీద మెరుగుదల, ఆటిజం తీవ్రత, జీవన నాణ్యత విషయంలో మేలు జరిగే అవకాశం ఉందని తేల్చింది. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైందిది: సంగీతం ఆటిజాన్ని నయం చేసే మందు కాదు, ఆటిజంతో ఉన్న పిల్లవాడి రోజును బాగుచేయగలదు. నయం చేస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ళకు దూరంగా ఉండటానికి ఈ తేడా తెలిస్తే చాలు.

ఇసుక, డప్పు ఎంత చేసినా నాన్న ఎందుకు ఇంట్లో ఉన్నాడని అడగలేవు. దానికి బొమ్మల అట్ట కావాలి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పద్ధతిలో పిల్లవాడు ఒక బొమ్మ కార్డు తీసి ఎదుటి మనిషి చేతిలో పెడతాడు, ఆ వస్తువు అందుకుంటాడు. చెన్నైలో పుట్టిన ఆవాజ్ యాప్ ఇలాంటి బొమ్మలను నొక్కితే పలుకుతుంది, తెలుగులోనూ. బొమ్మలకు అలవాటు పడితే అసలు మాటలే రావేమో అని తల్లిదండ్రుల భయం. 2006లో వచ్చిన ఒక సమీక్షలో, గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే ఒక్కరికి కూడా మాట తగ్గలేదు. ఎక్కువమందికి కొద్దిగానైనా పెరిగింది.

మన దగ్గర తయారయ్యే అట్టల్లో మామూలుగా ఉండేవి నీళ్ళు, అన్నం, బాత్రూం, ఆట, టీవీ. అన్నీ కోరికలే. వాటితో పిల్లవాడు బిస్కెట్ అడగగలడు, భయమేస్తోందని చెప్పలేడు. కష్టకాలంలో ఉన్న ఇంటి అట్టలో వేరే బొమ్మలు కూడా కావాలి: నాన్న, పడవ, తుఫాను, ఏడుపు, అరుపులు, వద్దు, ఇంకా ఎన్ని రోజులు. పక్కన ఒక క్యాలెండర్. ఒడ్డున కట్టేసిన పడవ బొమ్మలు 61, రోజుకొకటి కొట్టేస్తూ పోవచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మార్పు కన్నా ఆ మార్పు ఎప్పటిదాకానో తెలియకపోవడమే ఎక్కువ హింస. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలంలో, ఊరంతా షెల్టరుకు తరలేటప్పుడు ఆధార్, రేషన్ కార్డులున్న ప్లాస్టిక్ కవరులోనే ఆ అట్ట కూడా పెట్టుకోవాలి. ఆ జనంలో, ఆ రొదలో వాడికున్న నోరు అదొక్కటే.

ఇదంతా చేసేదెవరు? నెల్లూరులో దివ్యాంగుల కోసం ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ ఉంది, సికింద్రాబాద్‌లోని మేధోవైకల్య జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఆధ్వర్యంలో నడుస్తుంది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రాలున్నాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో ఉంటాయి. తీరంలోని పాళెం నుంచి ఇద్దరు మనుషులు పని మానుకుని, బిడ్డను తీసుకుని బస్సెక్కి పట్నానికి వారంలో రెండుసార్లు వెళ్ళడం మాత్రం కాగితం మీద కనబడే ఖర్చు కాదు.

అందుకే గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన పాస్ అధ్యయనం మనకు దగ్గరిది. 2016లో ఫలితాలు వచ్చాయి. 65 మంది ఆటిజం పిల్లల కుటుంబాలను తీసుకుని, కొందరితో ఆరు నెలల్లో 12 సార్లు ఆరోగ్య కార్యకర్తలను కూర్చోబెట్టారు. వాళ్ళు నిపుణులు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్నే తల్లితో కలిసి చూసేవారు. ఇదిగో ఇక్కడ వాడు మీ వైపు చూశాడు, మీరు గమనించారా అని ఆపి చూపించేవారు. తల్లిదండ్రులు పిల్లవాడి చేష్టలకు తగినట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తామే ముందుగా పలకరించడం కూడా పెరిగింది. నార్డాఫ్ పియానో మీద చేసిన పనిని వీడియోతో చేశారన్నమాట.

మన తీరంలో దీనికొక చిక్కు, ఒక వీలు ఉన్నాయి. వేట ఆగిన కాలం, బడుల వేసవి సెలవులు దాదాపు ఒకేసారి వస్తాయి. ఇంట్లో ఒత్తిడి పెరిగే సరిగ్గా ఆ నెలల్లోనే పిల్లవాడికి అలవాటైన టీచరు, బడి, దినచర్య కూడా పోతాయి. ఆ నెలల్లోనే, ఏడాదంతా ఏ థెరపీ గదిలోనూ కనబడని తండ్రి ఒడ్డున, ఇంట్లో ఖాళీగా ఉంటాడు. పాస్ లాంటి శిక్షణను ఆ 61 రోజుల్లో, పాళెంలోనే, తండ్రులతో మొదలుపెట్టవచ్చు. రెండు వారాలకొకసారి అనుకున్నా నాలుగు సార్లు కుదురుతుంది. మిగతావి తల్లితో కొనసాగించవచ్చు. భృతి కోసం మత్స్యశాఖ ఏటా వేటకు వెళ్ళే వాళ్ళ జాబితా రాస్తుంది. ఆ ఇంట్లో మాట రాని బిడ్డ ఉందా అని అందులో ఒక గడి చేర్చడానికి జీవో కూడా అక్కర్లేదేమో. భవిత కేంద్రాల టీచర్లకు ఆ రెండు నెలల జీతం, దారి ఖర్చు మత్స్యశాఖ ఇస్తుందా, విద్యాశాఖ ఇస్తుందా అన్నది మాత్రం ఏప్రిల్‌కు ముందే తేల్చుకోవాలి.