చెఱకు తోటలకు నక్కల బెడద: నివారణోపాయములు

శారదానదీ ప్రాంతమున, దేవరాపల్లి, చోడవరము పరిసరములలో చెఱకు సాగుచేయు రైతులకు నక్క క్రొత్త శత్రువు కాదు. గడ తీపెక్కి కోతకు వచ్చు కాలముననే యిది తోట జొచ్చును. కొఱికిన గడలు కొన్నియే యైనను, గాయపడినచోట రసము పులిసి బెల్లమునకు చెడుపు కలుగును. కావున దీని నివారణోపాయములు తెలిసికొనుట ప్రతి రైతునకు అవసరము.

మొదట నష్టము చేసిన జంతువు నెఱుంగవలెను. ఎలుకలు, పందికొక్కులు నేలకు దగ్గఱగా సన్నని పంటిగాట్లు పెట్టును, సమీపమున బొఱియలుండును. అడవిపంది దుబ్బులను పెల్లగించి త్రొక్కును. దాని యడుగు రెండు చీలికల గిట్ట. నక్క గడ క్రిందిభాగమును నమలి పిప్పి విడుచును. దాని యడుగు కుక్క యడుగువలె నాలుగు వ్రేళ్లును గోళ్లును గలది. ఎలుక చేసిన నష్టమునకు నక్కపై కోపించుట తగదు. ఏలయన నక్క యెలుకలను తిని రైతునకు మేలును చేయుచున్నది.

పూర్వము నక్కలను వలలు, ఉచ్చులు, కుక్కలతో వేటాడెడివారు. ఉదకమండలమున ఆంగ్లేయులు గుఱ్ఱములెక్కి జాగిలములతో తఱిమిరి. ఇప్పుడట్లు చేయరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము నక్కను కాపాడుచున్నది. ఉచ్చు పన్నుటయు, విషము పెట్టుటయు వేటయే యగును, శిక్ష తప్పదు. నష్టము మితిమీరినచో అటవీశాఖాధికారులకు తెలుపవలెను.

చంపుటవలన ప్రయోజనమును స్వల్పమే. అమెరికాలో నక్కను బోలిన కయోటీ యను మృగమును నూఱేండ్లకు పైగా చంపుచు వచ్చినను, అది తూర్పు సముద్రతీరము వఱకు వ్యాపించినది. చోటును మేతయు నున్నంతకాలము చచ్చినదాని స్థానమున మఱియొకటి వచ్చును. కావున ఆ రెంటిని తొలగింపవలెను:

1. గట్లమీది తుప్పలను నఱికి శుభ్రపఱచుడు. నక్క పగలు అందే దాగియుండును.
2. ఎండుటాకు తీసి జడచుట్టు వేయుడు. నేలబడిన గడ నక్కకు సులభముగా చిక్కును.
3. చచ్చిన పశువులను, కోళ్ల వ్యర్థములను లోతుగా పాతిపెట్టుడు.
4. ముండ్లకంచె యడుగున సందు లేకుండ చూడుడు.
5. కోతకు ముందు ఇరుగుపొరుగు రైతులు వంతులవారీగా మంచెపై కావలి యుండి డప్పు మ్రోగింపుడు. ఒకే చోట, ఒకే వేళ మ్రోగించినచో నక్క దానికి అలవాటుపడును. స్థలమును వేళను మార్చుచుండవలెను.

విద్యుత్తీగలు కట్టుట, నాటుబాంబులు పెట్టుట ఘోర ప్రమాదము. చీకటిలో నీరు పెట్టబోవు పాలికాపునకును, మేతకు వచ్చిన యావునకును ఆ తీగ యేదో తెలియదు. ఒక గడను కాపాడబోయి ఒక కుటుంబమును కూల్చిన పాపము మీకు వలదు.

పగటివేళ బెదరక మనుష్యులపైకి వచ్చు నక్కకు పిచ్చి యుండవచ్చును. అది కఱచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. పసరు మందులతో కాలము గడుపరాదు. వ్యాధిలక్షణములు కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము.

ఒక్క రైతు గట్టు బాగుచేసినంత మాత్రమున నక్క ప్రక్క తోటకు పోవును. ఊరంతయు నొక్కటై యీ పనులు చేసినచో తోటయు నిలుచును, ప్రాణహానియు తప్పును.