60 అని రాసి ఉన్న కత్తి

మాదాపూర్ హైటెక్స్‌లో జరిగే వ్యవసాయ ప్రదర్శనలకూ, ఏటా నవంబరులో వచ్చే పౌల్ట్రీ ఇండియాకూ మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి రైతులు, కోళ్ల ఫారాల వాళ్లు వెళ్తూనే ఉంటారు. పనిముట్ల స్టాలు కనిపిస్తే ఎవరికైనా కాళ్లు ఆగుతాయి. మెరుస్తున్న కత్తి పక్కన చీటీ మీద ఒక్కోసారి 56 అనో, 60 అనో ఉంటుంది. అది ధర కాదు, పొడవూ కాదు. ఉక్కు ఎంత గట్టిదో చెప్పే రాక్‌వెల్ 'సి' అంకె.

దాన్ని కొలిచే పద్ధతి ఇది. 120 డిగ్రీల కోణంతో చెక్కిన వజ్రపు మొనను ముందు 10 కిలోల బరువుతో ఉక్కు మీద ఆనిస్తారు. తర్వాత బరువును 150 కిలోలకు పెంచి, మళ్లీ 10కి దించుతారు. ఈలోగా మొన అదనంగా ఎంత లోతు దిగిందో చూసి, ప్రతి 0.002 మిల్లీమీటర్లకు 100లోంచి ఒక్కో అంకె తీసేస్తారు. 0.08 మిల్లీమీటర్లు దిగితే 60, 0.088 దిగితే 56. తేడా 8 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. కత్తి ఎన్నాళ్లు పదును నిలుపుకుంటుందో, ఎముక తగిలితే విరుగుతుందో వంగుతుందో చాలావరకు ఆ కాస్త తేడాలోనే ఉంటుంది.

అంకె పెద్దదైతే కత్తి మంచిదని అమ్మేవాళ్లు చెప్తారు. సగమే నిజం. 60 దాటిన జపాన్ కత్తి టమాటాను, చేపను అలవోకగా కోస్తుంది. దాని వాదర పలుచన, ఒక్కో వైపు 15 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉంటుంది. దాంతో కోడి ఎముక మీద వేటు వేస్తే అంచు పెచ్చులూడుతుంది. చికెన్ షాపు పనికి 54 నుంచి 57 చాలు, వాదర కోణం మాత్రం ఒక్కో వైపు 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలి. పదును తొందరగా పోతుంది, నిజమే. కానీ రాయి మీద నాలుగు సార్లు గీస్తే తిరిగి వస్తుంది. ఊడిన పెచ్చు తిరిగి రాదు.

ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? కార్బన్ నుంచి, కాల్చి ముంచే తీరు నుంచి. జర్మన్ వంటగది కత్తుల్లో ఎక్కువగా వాడే 1.4116 ఉక్కులో కార్బన్ అర శాతం, క్రోమియం 15 శాతం దాకా ఉంటాయి. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటేనే స్టెయిన్‌లెస్ అంటారు. మన కమ్మరి కొలిమిలో కత్తిగా మారే లారీ కమాను పట్టీలో కార్బన్ అంతకంటే కాస్త ఎక్కువే, 0.5 నుంచి 0.6 శాతం. క్రోమియం అంత ఉండదు కాబట్టి తుప్పు పడుతుంది, నూనె గుడ్డతో తుడుచుకోవాలి. అంతే తేడా. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకాస్త వేడెక్కాక ముంచాలి. ముంచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది, మళ్లీ 200 డిగ్రీలకు పైగా వేడి చేస్తే గడ్డి రంగు తేలుతుంది. 300 దగ్గర నీలం వస్తుంది, అప్పటికి గట్టిదనం తగ్గిపోతుంది. ఇదంతా థర్మామీటర్ లేకుండా కంటి చూపుతో పట్టే పని. సాన చక్రం మీద నిప్పురవ్వలు రాలుతూ వాదర నీలమైతే, ఆ మేర పాడైనట్టే. నీళ్లు చల్లుతూ పట్టమని సానవాణ్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక స్టాళ్లలో అందరి కళ్లూ నిలిచేది అలల గీతలున్న 'డమాస్కస్' కత్తి మీద. 67 పొరలని రాసి ఉంటే, నడుమ ఒక గట్టి ఉక్కు, అటూ ఇటూ 33 చొప్పున పొరలని అర్థం. రెండు రకాల ఉక్కులను అతికి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చుతారు. అందం కాదనను, కోసేది మాత్రం నడిమి పొరే.

అసలు డమాస్కస్ వేరు. దాని ముడిసరుకు మన దగ్గర దొరికింది. మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి నిజామాబాద్ జిల్లాకు తీసుకెళ్తుంది. ఆ జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి, నెమ్మదిగా చల్లార్చి వూట్జ్ ఉక్కు ముద్దలు తీసేవారు. వాటి కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని అక్కడికి వెళ్లి చూసిన హెన్రీ వాయ్సీ రాశాడు. ఆయన 1824లో చనిపోతే ఆ వివరణ 1832లో అచ్చయింది.

వూట్జ్‌లో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం, అంటే కమాను పట్టీకి రెండున్నర నుంచి మూడు రెట్లు. అంత కార్బన్ ఉంటే పెళుసుదనం రావాలి, మరి కత్తి ఎలా నిలిచింది? 1819లో మైకేల్ ఫారడే ఈ ఉక్కును పరీక్షించి గుణమంతా అల్యూమినియం, సిలికాలదని పొరబడ్డాడు. 1998లో వెర్హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త బృందం అసలు సంగతి చూపింది. ఖనిజంలోంచి వచ్చిన వనేడియం లాంటి లోహాలు 0.004 శాతం ఉన్నా చాలు, పదే పదే వేడి చేసి సాగగొట్టేటప్పుడు కార్బైడ్ రేణువులు వరసలు కడతాయి. ఆ వరసలే కత్తి మీది అలలు. 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పాత డమాస్కస్ ఖడ్గంలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ప్రకటించారు. అసలు డమాస్కస్ మీది గీతలు పైన వేసినవి కావు, లోపల పుట్టినవి.

శామీర్‌పేట ద్రాక్ష రైతుకు ఈ వైభవంతో పనిలేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగ కత్తిరించాలి. పచ్చి కొమ్మకు రెండు అలుగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారే కత్తెర కావాలి. ఒక అలుగు బల్ల మీద దిగే రకం కొమ్మను నలుపుతుంది, ఎండు కొమ్మలకే అది.

అలంకారానికని పొడుగు కత్తి కొనేవాళ్లు ఇంకో రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికీ, సేద్యానికీ చేసిన పనిముట్లను ఆయుధాలుగా లెక్కించదు. మిగతావాటిలో అలుగు 9 అంగుళాల పొడవుగానీ, 2 అంగుళాల వెడల్పుగానీ దాటితే, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు ఉండాలి. కొనే ముందు స్టీలు గ్రేడు, రాక్‌వెల్ అంకె, వాదర కోణం అడగండి. మూడింటికీ జవాబు చెప్పలేని స్టాల్‌లో డబ్బు తీయకండి.