చీరాల కాగితాలు ఎవరి దగ్గర ఉండాలి?

చీరాలకు చరిత్ర పుస్తకాల్లో ఒక పేరా దక్కింది. మునిసిపాలిటీ వద్దు, పెంచిన పన్నులు కట్టలేమంటూ 1921లో చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు వదిలి, ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని 11 నెలల పాటు ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు ముందు నిలిచారు. పేరా అక్కడితో సరి. నేత ఊరు పాకల్లోకి తరలితే మగ్గం గుంటలు ఎక్కడ తవ్వుకున్నారు? వాన పట్టినప్పుడు పడుగు ఎలా ఆరింది? పని ఆగిన ఇంట్లో పొయ్యి వెలగడానికి అప్పు పెట్టిందెవరు? నాయకుడి చుట్టూ అల్లిన కథ ఈ సంగతులు చెప్పదు. ఇంటి పద్దుల్లో, నూలు లెక్కల్లో, అప్పు పత్రాల్లో, ముసలివాళ్ల మాటల్లో అవి దొరకాలి. అందుకే చిన్న పట్టణం తన చరిత్రను తానే పోగుచేసుకుని, ఆ ఊళ్లోనే అందరికీ అందేలా పెట్టాలంటున్నాను.

సర్కారు రికార్డులు ఉన్నాయి కదా అనేవారుంటారు. ఉన్నాయి, కానీ ఎక్కడ? ఉద్యమం నాటికి చీరాల గుంటూరు జిల్లాలో ఉంది, పైన మద్రాసు ప్రభుత్వం. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి మారింది. ఒక ఊరి సంగతి తెలుసుకోవడానికి నాలుగు ఊళ్లు తిరగాలి. తిరిగినా పన్ను వసూలు చేసేవాడు రాసిన ఫైలులో, కట్టనివాడు బకాయిదారుగానే కనిపిస్తాడు. అతని కారణం అతని ఇంట్లోనే వినాలి. ఊళ్లోనే విని రాసుకున్న పద్ధతి పాతదే: రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊరి వృత్తాంతాలు, రాయించారు. గుళ్లు, చెరువులు, మాన్యాల వివరాలు కరణాల దగ్గర రాసుకోబట్టే చాలా గ్రామాల గతం మనకు అందింది. అయినా అది కరణం చెప్పిన ఊరు. అదే ఊళ్లో పాలేరు చెప్పే ఊరు వేరుగా ఉండేది.

చిన్న ఊరికి ఇంత శక్తి ఎక్కడిదన్న సందేహానికి జవాబు చీరాల పక్కనే ఉంది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను దాచిపెట్టింది. వాటి కోసం పరిశోధకులు దూరాల నుంచి ఆ పల్లెకు వస్తారు. కాగితం అక్కడ ఉందని తెలియడం, అడిగితే చూపించడం, ఈ రెండూ ఉంటేనే దాచినదానికి విలువ. ట్రంకు పెట్టెలో భద్రంగా పెట్టి ఎవరికీ చూపని దస్తావేజు చివరికి చెదలకే పోతుంది.

ఇప్పుడు ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలదా? చాలదు. మగ్గం ముందు కూర్చున్న ఒక మనిషి బొమ్మ వెయ్యి మందికి చేరుతుంది. ఎవరు, ఏ వీధి, ఏ సంవత్సరమన్నది మాత్రం ఒక్కరికీ చేరదు. ఆ మూడు ముక్కలు ఫొటో వెనుక పెన్సిలుతో రాసి ఉంటే అది ఆధారం, లేకపోతే ముచ్చటైన బొమ్మ.

కాస్త బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: ఊరి చరిత్ర పేరుతో కులాల గొప్పలు, పాత భూతగాదాలు పైకి వస్తాయని. నిజమే, వస్తాయి. అందుకే ఒకే వీధి పెద్దమనుషులు కూర్చుని రాస్తే కుదరదు. నేతగాళ్లు, రైతులు, దళితవాడలు, మసీదు వీధి, ఆసు పోసిన ఆడవాళ్లు, అందరి మాటా ఎవరు చెప్పారో గుర్తించి పక్కపక్కన పెట్టాలి. పొంతన కుదరని చోట రెండూ ఉంచాలి. బతికున్నవారిని నొప్పించే కాగితాలుంటే ఎన్నేళ్లు మూసి ఉంచాలో ఇచ్చిన కుటుంబమే చెప్పవచ్చు. అసలు కాగితం ఇంట్లోనే ఉంచుకుని, నకలు గ్రంథాలయానికి ఇవ్వవచ్చు.