పసివారికి పరుల మనస్సు తెలియునా? – అపోహలు, వాస్తవములు

పసిపిల్లలు తమ ఆకలిని, తమ ఆటను తప్ప అన్యమెరుగరనియు, బడి ఈడు వచ్చువరకు ఎదుటివారి మనస్సుతో వారికి ప్రమేయమే యుండదనియు తలంచుట పెద్దలకు పరిపాటియైనది. ఈ తలంపునకు కొంతకాలము విద్వాంసుల అండయు లభించినది. స్విట్జర్లాండు దేశీయుడగు జీన్ పియాజే మూడు కొండల నమూనాను బల్లపై నుంచి, ఆవలివైపున నున్న బొమ్మకు అవి ఎట్లు కనబడునో చూపుమనగా, చిన్నపిల్లలు తమకు కనబడు దృశ్యమునే చూపిరి. దానిని బట్టి శిశువు తన దృష్టిని దాటి చూడజాలడని ఆయన నిర్ణయించెను.

ఈ నిర్ణయము పూర్తిగా నిలువలేదు. 1997లో బెట్టీ రెపకోలి, ఆలిసన్ గోప్నిక్ అను పరిశోధకురాండ్రు ప్రకటించిన ప్రయోగమును చూడుడు. బిడ్డ యెదుట రెండు గిన్నెలు: ఒకదానియందు కరకరలాడు బిస్కత్తులు, రెండవదానియందు పచ్చి బ్రోకలీ ముక్కలు. పిల్లలలో ఇంచుమించు అందరికిని బిస్కత్తులే ప్రియము. పరీక్షించు స్త్రీ బిస్కత్తును రుచిచూచి మొగము చిట్లించి, బ్రోకలీని నోట వేసికొని సంతోషము కనబరచి, పిదప చేయి చాచి తనకు కొంచెము పెట్టుమని యడిగెను. 14 నెలల బిడ్డలు తమకిష్టమైన బిస్కత్తునే ఇచ్చిరి. 18 నెలల బిడ్డలో, తమకు గిట్టని బ్రోకలీని తీసి ఆమె చేతిలో పెట్టిరి. ఏడాదిన్నర ప్రాయమున తన రుచి వేరు, పరుల రుచి వేరని గ్రహించిన శిశువును స్వార్థపరుడనుట అన్యాయము.

దాగుడుమూతలలో కన్నులు మూసికొని తాను దాగితినని మురియు పిల్లవాని విషయమునను మనము తొందరపడుచున్నాము. 1980లో జాన్ ఫ్లావెల్, ఆయన సహచరులును అట్టి పిల్లలను ప్రశ్నింపగా, "నీవు కనబడుచున్నావా?" అన్నచో "లేదు" అనువారే "నీ చేయి కనబడుచున్నదా?" అన్నచో "అవును" అనుచుండిరి. తమ దేహము మాయమైనదని వారెన్నడును భ్రమపడలేదు. తనను చూచుట యనగా చూపులు కలియుటయే యని వారి భావన కాబోలు.

పెదవులకు బెల్లమంటియుండగా "నేను తినలేదు" అను మూడేండ్ల బిడ్డను చూచి, వీడిప్పుడే అబద్ధములు నేర్చి చెడిపోయెనని వగచు తల్లిదండ్రులు కలరు. వగవ పనిలేదు. ఆస్ట్రియాలో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనువారు 1983లో పిల్లలకొక కథ చెప్పిరి: మాక్సి అను బాలుడు చాక్లెట్టును ఒక అలమరలో దాచి వెడలెను, వాడు లేనప్పుడు తల్లి దానిని వేరొక అలమరలోనికి మార్చెను, తిరిగివచ్చి వాడెచ్చట వెదకును? మూడేండ్లవారు చాక్లెట్టు ఇప్పుడున్న చోటునే చూపిరి. నాలుగైదేండ్లు దాటినకొలది, వాడు తాను దాచినచోటనే వెదకునని చెప్పువారు హెచ్చిరి. ఎదుటివాని తలపు వాస్తవమునకు భిన్నముగ నుండవచ్చునను ఎరుక ఇట్లు కుదురుకొనుచున్నకొలది అబద్ధమాడు నేర్పును పెరుగును. అది బుద్ధి పెరుగుటకు గురుతేగాని శీలము చెడుటకు కాదు.

అన్నిటికంటె క్రూరమైన అపోహ, ఆటిజము గల బిడ్డకు హృదయమే లేదనునది. 1985లో లండనులో బొమ్మలతో ఇట్టి పరీక్షయే జరుపగా, ఆటిజము గల 20 మందిలో 16 మంది తప్పిరి. తక్కిన నలుగురు నెగ్గిరన్న మాట మరువరాదు. పరుల తలపును ఊహించుట వేరు, పరుల బాధకు కరగుట వేరు. మొదటిదానియందు తడబడినవాడు రెండవదానిని ఎరుగడనుటకు ఆ పరీక్ష ఆధారము కానేరదు.

ఇక, ఈ జ్ఞానము వయస్సుతో తనంత తానే పండుననుటయు సరికాదు. చెవిటి పిల్లలలో, సంజ్ఞాభాష తెలిసిన చెవిటి తల్లిదండ్రులకు పుట్టినవారు దీనిని సకాలమున పొందుచున్నారు. వినికిడి గలవారి యింట పుట్టి, సంభాషణకు తగిన భాష చిన్ననాడే అందనివారు తరచు వెనుకబడుచున్నారు. లోపము చెవిలో లేదు, మాట కరవగుటలో నున్నది. కావున తల్లులారా, తండ్రులారా, అక్క యేల అలిగినదో, తాతగారు కండ్లజోడు ఎచ్చట పెట్టితినని భ్రమపడినారో, మీ బిడ్డలతో తీరికగా ముచ్చటింపుడు.