వంగినంత మాత్రాన వేగం వస్తుందా?

2022 శీతకాలం. జనగామలో రైలెక్కి మహబూబాబాదులో దిగేసరికి పొద్దుగూకింది. చాయ గ్లాసు చేతికిస్తూనే మా చెల్లెలు మొర పెట్టుకుంది.

"అన్నా, నీ అల్లుణ్ని జర చూడు. పోలీసు కొలువని నాలుగు నెలల సంది ఉరుకుతున్నడు. ఎంత ఉరికినా టైముకు అందుతలేడు!"

కానిస్టేబులు కొలువుకు మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలోనూ, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలోనూ పరుగెత్తాలని ఆ యేటి నియమం. మావాడు 7 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయాడు. తొమ్మిదే సెకన్లు! ఇంటి ఆశలన్నీ ఆ తొమ్మిదింటికే వేలాడుతున్నాయి.

మర్నాడు తెల్లవారకముందే వాడి వెంట మైదానానికి వెళ్లాను. మావాడు చలిలో నిలబడి, ముందుకు వంగి, బొటనవేళ్లు పట్టుకుని నిమిషానికి పైగా కదలకుండా ఉండిపోయాడు. ఆపైన ఒక్కొక్క కాలూ గోడకు ఆనించి మరో నిమిషం. లేచి నేరుగా పరుగందుకున్నాడు.

భూపాలపల్లి నుంచి వచ్చిన వాడి స్నేహితుడు ఇవేవీ చేయలేదు. కాసేపు నెమ్మదిగా ఉరికి, మోకాళ్లెత్తుతూ నడిచి, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపి గీత మీదికి వచ్చాడు. వంగితే అతని వేళ్లు పిక్కలు దాటవు. పరుగులో మాత్రం మావాణ్ని తేలిగ్గా వెనకవేశాడు.

"గంతగనం వంగేటోణ్ని, నేనెందుకు ఎనకబడుతున్న మామా?" అన్నాడు మావాడు.

నాకు గతుక్కుమంది. ముప్పై యేళ్లు బడిలో డ్రిల్లు చెప్పినవాణ్ని. "వంగండి, పట్టండి, కదలకండి" అని వాడికి నేర్పిందీ నేనే! ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను.

వేగమంటే అంగ పొడవు, అంగల జోరు, ఈ రెంటి లెక్క. తుంటి కీలు బిగుసుకుపోతే అంగ కురచవుతుంది. కనుక ఒళ్లు సాగవలసినంత సాగాల్సిందే. కాని అంతకుమించి వంగినంత మాత్రాన వేగం పెరగదు. పాదం నేలను తన్నినప్పుడు మడమ వెనకనున్న స్నాయువు స్ప్రింగులా సాగి, వెంటనే ముడుచుకుని, ఆ బలంలో కొంత మనకు తిరిగిస్తుంది. నారి సడలిన విల్లు బాణాన్ని దూరం విసరగలదా? పరుగుకు ముందు ఒక్కో కండను నిమిషానికి మించి సాగదీసి ఉంచితే, కొంతసేపు దాని బలం నూటికి నాలుగైదు పాళ్లు తగ్గుతుందని పరిశోధకులు తేల్చారు. అర నిమిషంలోపైతే నష్టం స్వల్పమే.

మరి దెబ్బలు తగలకుండా ఉంటాయి కదా అంటారా? ఆస్ట్రేలియాలో 1538 మంది కొత్త సైనికులమీద జరిపిన పరీక్ష ఫలితం 2000లో వెలువడింది. కసరత్తుకు ముందు కాళ్లు సాగదీసినవారికీ, సాగదీయనివారికీ గాయాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఆ రోజునుంచి మావాడి పద్ధతి మార్చాం. పొద్దున నెమ్మది పరుగు, కాళ్లు ఊపడం, రెండు మూడు చిన్న చురుకు పరుగులు. కదలకుండా వంగడం సాయంత్రానికి. వారానికి రెండు రోజులు 400 మీటర్లు జోరుగా, మధ్య మధ్య విరామంతో.

పరీక్షనాడు వాడు 7 నిమిషాల 9 సెకన్లలో గీత దాటాడు. ఈ ఘనత వంగడం మానినందుకేనని నేననను. జోరు పరుగులకే పెద్ద వాటా దక్కాలి. మన వరంగల్లు జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చిందంటే, దాని వెనక ఏళ్ల తరబడి సాధన ఉంది. అడ్డదారి ఎక్కడిది?

మా చెల్లెలు మాత్రం మిఠాయి పెడుతూ అననే అంది: "ముప్పై ఏండ్లు డ్రిల్లు చెప్పినవు, గీ ముచ్చట ముందే తెలుసుకుంటే ఏం పోయెనే అన్నా!"

నోట్లో మిఠాయి ఉండబట్టి బతికిపోయాను.