మందం అర అంగుళం, వేడి 74 డిగ్రీలు

అమెరికాలోని జార్జియాలో కమ్మింగ్ ఊరు ఉన్న ఫోర్సైత్ కౌంటీ జనాభా 2010లో 1,75,511. 2020 నాటికి అది 2,51,283కి చేరింది. ఆ పెరుగుదలలో తెలుగువాళ్ల వాటా చిన్నదేమీ కాదు. మనకన్నా ముందే అక్కడ కోడి స్థిరపడింది. పక్కనున్న గెయిన్స్‌విల్ తనను ‘ప్రపంచ కోళ్ల రాజధాని’గా చెప్పుకుంటుంది. జెస్సీ జ్యూవెల్ అనే వ్యాపారి రైతులకు కోడిపిల్లలనూ దాణానూ అప్పుగా ఇచ్చి, పెరిగాక కోళ్లను తానే తీసుకునే పద్ధతిని 1930లలో మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. ఇవాళ మన తెలుగు రాష్ట్రాల్లో చాలా బ్రాయిలర్ షెడ్లు నడిచేది కూడా దాదాపు ఇలాగే.

అలాంటి చోట ఉంటూ కూడా ఎముక లేని బ్రెస్ట్ ముక్కను పీచులా ఎండబెట్టేస్తున్నామంటే తప్పు కోడిది కాదు. ఎముకతో ఉన్న ముక్కలను నీరు ఇగిరేదాకా వేయించే లెక్కనే బ్రెస్ట్‌కూ వాడుతున్నాం. తొడ ముక్కలో కొవ్వు ఉంటుంది, ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. తోలు తీసిన పచ్చి బ్రెస్ట్‌లో 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు కూడా ఉండదు. లోపలి వేడి 65 డిగ్రీలు దాటినప్పటి నుంచి కండ ముడుచుకుంటూ నీటిని బయటికి పిండేస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత 74 డిగ్రీలు, అంటే 165 ఫారెన్‌హీట్. అక్కడే ఆపాలి. రంగు చూసి ఉడికిందని నమ్మడానికి లేదు. చిన్న థర్మామీటరు కొని, ముక్క పక్కనుంచి మధ్యదాకా గుచ్చి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం మందం. మందం రెట్టింపైతే లోపలికి వేడి చేరే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. అక్కడి బ్రెస్ట్ ముక్క లావు వైపున అంగుళంన్నర ఉండటం మామూలే. అది మధ్యలో ఉడికేలోపు అంచులు చెక్కలవుతాయి. అందుకే అరచేతితో అదిమిపట్టి, కత్తిని అడ్డంగా పోనిచ్చి, అర అంగుళం పొరలుగా చీల్చాలి. అర కిలోకి ఏడున్నర గ్రాముల ఉప్పు, అంటే చెంచాంబావు, మిరియాల పొడి, పసుపు పట్టించి 20 నిమిషాలు ఉంచండి. ఉప్పునీరు ఎక్కించిన చికెన్ అని ప్యాకెట్ మీద ఉంటే ఉప్పు సగమే వేయాలి.

కడగడం మాత్రం మానాలి. పసుపునీళ్లతో కడగనిదే మనకు మనసొప్పదని తెలుసు. కానీ వ్యవసాయ శాఖ 2019లో వెల్లడించిన అధ్యయనం చూడండి: కోడిని కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో బ్యాక్టీరియా మిగిలింది. 26 శాతం మంది సలాడ్‌లోకీ అది చేరింది. తడిని పేపర్ టవల్‌తో అద్దితే చాలు. తడి లేని ముక్కే ఎర్రగా వేగుతుంది కూడా.

మందపాటి పెనంలో ఒక పెద్ద చెంచా నూనె బాగా కాగాక ముక్కలను ఎడంగా పరచండి. ఒకవైపు 4 నిమిషాలు కదపకుండా వేగనిచ్చి, తిప్పి మరో 3 నిమిషాలు ఉంచి, థర్మామీటరుతో చూసి దించండి. మూత వద్దు, ఆవిరికి ముక్క మెత్తబడిపోతుంది. కోసే ముందు 5 నిమిషాలు ఆగండి.

ఆ వ్యవధిలో చికెన్ మీదికి డ్రెస్సింగ్ కలిపేయొచ్చు. కప్పు చిక్కటి పెరుగును ముందే అరగంట గుడ్డలో వేలాడదీసి ఉంచాలి. అందులో రెండు పెద్ద చెంచాల మయోనైజ్, దంచిన వెల్లుల్లి రెబ్బ, చెంచా నిమ్మరసం, పావు చెంచా ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, గుప్పెడు కొత్తిమీర తరుగు వేసి గిలకొట్టాలి. సీసాలో అమ్మే రాంచ్ డ్రెస్సింగ్ రెండు పెద్ద చెంచాలకు దాదాపు 130 కేలరీలు. ఇది 55 దగ్గర ఆగుతుంది, పెరుగు కమ్మదనం అదనం.

మిగిలిన చికెన్ ఫ్రిజ్‌లో 3, 4 రోజులు ఉంటుంది. బయట మాత్రం డ్రెస్సింగ్‌నైనా చికెన్‌నైనా 2 గంటలకు మించి ఉంచకూడదు. వేసవిలో అక్కడి లేక్ లేనియర్ ఒడ్డున పాట్‌లక్ పెట్టుకున్నప్పుడు ఎండ 32 డిగ్రీలు దాటితే గడువు గంటే. ఐస్ పెట్టె తీసుకెళ్లండి.